మూడో వైపరు

మా మేనల్లుడు మెల్‌బోర్న్ నుంచి పంపిన 84 ఫొటోల్లో కారు కింది భాగం కనిపించేది ఒక్కటీ లేదు. స్టీరింగ్‌కు తొడిగిన తోలు ఆరు ఫొటోల్లో ఉంది. బంపరు క్రోమ్ పూతలో ఆకాశం, మబ్బులు, ఫొటో తీసినవాడి మోచెయ్యి కూడా ఉన్నాయి. చక్రాల తీగలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు. తెల్లవారి అయిదున్నరకు పాలు పొయ్యి మీద పెట్టి వాటిని వరసగా చూస్తూ కూర్చున్నాను. చివర ఒక సందేశం: “మామయ్యా, 1972 ఎంజీబీ. ఇంగ్లండులో డీలరు దగ్గర ఉంది. 14 వేల పౌండ్లు చెబుతున్నాడు. అడ్వాన్సు పంపనా?”

పాలు పొంగిపోయాయి.

నేను వనపర్తి బస్సు డిపో గ్యారేజీలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. ఎంజీబీ లాంటి ఇంగ్లండు స్పోర్ట్స్ కారును చేత్తో ముట్టుకున్నది లేదు. నా చేతుల మీదుగా వెళ్లినవన్నీ లేలాండ్ బస్సులు. ఎంజీ కంపెనీ కూడా 1968లో బ్రిటిష్ లేలాండ్ గొడుగు కిందికి వచ్చింది కాబట్టి దూరపు చుట్టరికం ఉందని చెప్పుకోవచ్చు, అంతే. అయినా వాడు నన్నే అడగడానికి వేరే కారణం ఉంది. మా నాన్నకు కొత్తకోట రోడ్డు మీద చిన్న షెడ్డు ఉండేది. అక్కడికి వచ్చేవన్నీ అంబాసిడర్లే. అంబాసిడర్ పెట్రోలు ఇంజనూ ఎంజీబీ ఇంజనూ ఒకే కడుపున పుట్టినవి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్. ఉత్తరపారాలో మన కారుకు పెట్టినది 1489 సీసీ, అబింగ్డన్‌లో ఎంజీబీకి పెట్టినది 1798 సీసీ. వేసవి సెలవులకు వచ్చినప్పుడల్లా మేనల్లుడు ఆ షెడ్డులో తాత పక్కన కూర్చుని, ఇంజన్‌లో సన్నని సందులు కొలిచే రేకులు, ఫీలర్ గేజీలు, అందించేవాడు. టాపెట్లు సరిచేశాక ఇంజన్ స్టార్టు చేస్తే, తాత స్పానర్ ఒక కొస ఇంజన్ మీద, మరో కొస చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. తరువాత మనవడికి వినిపించేవాడు. ఇప్పుడు వాడికి 43 ఏళ్లు. వాడు వెతుక్కుంటున్నది ఆ చప్పుడేనని నా అనుమానం. కాకపోతే ఎర్ర రంగులో, పైకప్పు లేకుండా కావాలి.

నా వాదన ముందే చెప్పేస్తాను, ఒప్పుకోనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. సముద్రం అవతలి డీలరు దగ్గర 50 ఏళ్ల కారు కొనవచ్చు. అయితే మన తరపున దాని కింద పడుకుని చూసే మనిషి దొరికేదాకా ఒక్క పౌండు కూడా పంపకూడదు. ఆ మనిషికి ఇచ్చే కూలిని కారు ధరలో భాగంగా లెక్కవేసుకోవాలి. “14 వేలు కారుకి, 400 తనిఖీకి” అని విడగొట్టి చూస్తే చెయ్యి ఆ 400 మిగుల్చుకోవాలనే చూస్తుంది. 14,400 కారు ధర అనుకుంటే ఆ ఆలోచనే రాదు.

పెబ్బేరు సంతలో ఎడ్లు కొన్నవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. అమ్మేవాడు ఎద్దు కొమ్ములకు రంగు వేసి, నూనె రాసి, మెడలో గంటలు కట్టి తెస్తాడు. కొనేవాడు కొమ్ముల వంక చూడనే చూడడు. దవడ పట్టి నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాడు. సుడులు వెతుకుతాడు. పది అడుగులు ముందుకు, నాలుగు అడుగులు వెనక్కి నడిపిస్తాడు. గిట్ట ఎత్తి చూస్తాడు. అదంతా అయ్యాకే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలు. ఇవేవీ చేయనివాడి కోసమే సామెత పుట్టింది, నీళ్లలో బర్రెకు బేరమాడినట్టు అని. కొమ్ములూ వీపూ తప్ప మరేమీ కనిపించవు. పొదుగు ఎంతుందో, కాళ్లు ఎలా ఉన్నాయో చెరువుకే తెలుసు. మావాడి 84 ఫొటోలూ ఆ చెరువే.

ఇదే మాట వాడితో అన్నాను. నవ్వాడు. “మామయ్యా, అది సంత కాదు. వాళ్లకు షోరూము ఉంది. ఎన్నో ఏళ్లుగా ఇదే వ్యాపారం. అక్కడ చట్టం కూడా గట్టిది” అన్నాడు.

చట్టం మాట నిజమే. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, వ్యాపారి దగ్గర కొన్న వస్తువులో లోపం ఉంటే 30 రోజుల లోపు తిరస్కరించి డబ్బు వెనక్కి అడగవచ్చు. పాత కారుకూ అది వర్తిస్తుంది. వయసునూ ధరనూ బట్టి ఎంత నాణ్యత ఆశించవచ్చో చూస్తారు. అయితే కారు ఇంగ్లండులో ఓడ ఎక్కి మెల్‌బోర్న్‌లో దిగడానికే నెలకు పైగా పడుతుంది. షిప్పింగ్ ఏజెంటును మనమే కుదుర్చుకుంటే, అతని చేతికి కారు అందిన రోజే మనకు అందినట్టని డీలరు వాదించే వీలుంది. కారు హిందూ మహాసముద్రంలో ఉండగానే ఆ గడువు కాస్తా అయిపోతుంది. ఆ హక్కు పక్క వీధిలో ఉండే కొనుగోలుదారుకు బాగా పనికొస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, చాలామంది దీన్ని అడగనే అడగరు. ఆ కారు అసలు డీలరుదేనా? షోరూములో మెరుస్తున్న కార్లన్నీ డీలరు కొని పెట్టుకున్నవి కావు. ఎవరో యజమాని తెచ్చి, అమ్మిపెట్టమని వదిలిపోయినవి కూడా ఉంటాయి. అలాంటప్పుడు డీలరు కమిషన్ తీసుకునే మధ్యవర్తి మాత్రమే. ఒప్పందం మనకూ ఆ పేరు తెలియని యజమానికీ మధ్య జరుగుతుంది. వ్యాపారి దగ్గర కొంటేనే వచ్చే హక్కులు అక్కడ చాలావరకు ఆవిరైపోతాయి. అందుకే ధర అడిగే ముందు ఇన్వాయిస్ మీద అమ్మకందారుగా ఎవరి పేరు వేస్తారని అడగమన్నాను. మావాడు అడిగాడు. జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టింది. “యజమాని తరపున” అని వచ్చింది.

ఆ నాలుగు రోజులూ నేను ఖాళీగా లేను. పాత సర్వీసు మాన్యువళ్లు సంపాదించి, కళ్లజోడు తుడుచుకుని, బల్లమీద పరుచుకుని చదివాను. మా ఆవిడ అయితే డిపో మళ్లీ తెరిచారా అని అడిగింది. చదివాక ఫొటోలు మళ్లీ మొదటి నుంచి చూస్తే, 9వ ఫొటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. ముందు అద్దం మీద వైపర్లు మూడున్నాయి.

“ఒరేయ్, వైపర్లు ఎన్నున్నాయో చూశావా?”

“మూడు. బాగున్నాయి కదా మామయ్యా, చిన్నచిన్నవి.”

బాగానే ఉన్నాయి. కానీ బ్రిటన్‌లో అమ్మిన ఎంజీబీకి రెండే ఉంటాయి. 1960ల చివర్లో అమెరికా ప్రభుత్వం ముందు అద్దంలో ఎంత భాగాన్ని వైపర్లు తుడవాలో నిబంధన పెట్టింది. ఎంజీబీ అద్దం ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. రెండింటితో అంత భాగం తుడవడం కుదరలేదు. అందుకని అమెరికాకు పంపే పైకప్పు లేని కార్లకు అబింగ్డన్ ఫ్యాక్టరీలో మూడో వైపరు బిగించారు. డీలరు ప్రకటనలో మాత్రం “మొదటి నుంచీ కుడివైపు స్టీరింగ్, బ్రిటన్ కారు” అని ఉంది.

61వ ఫొటోలో బానెట్ కింద ఒక మూలకు చిన్న రేకు పలక. దాన్ని పెద్దది చేసి చూస్తే మొదట జీ, హెచ్, ఎన్, తరువాత 5, ఆ తరువాత యూ, సీ, ఆపైన అంకెలు. జీ అంటే ఎంజీ. హెచ్ అంటే ఇంజన్ పరిమాణపు తరగతి. ఎన్ అంటే పైకప్పు లేని రెండు సీట్ల బాడీ, పైకప్పు ఉన్న జీటీ అయితే డీ ఉంటుంది. 5 ఆ శ్రేణి సంఖ్య. సీ అంటే 1972 మోడలు. మధ్యలో ఉన్న యూ అమెరికా. తయారైన రోజున ఈ కారు స్టీరింగ్ ఎడమవైపు ఉంది. 84 ఫొటోలు తీసినవాడు ఆ పలకనూ తీశాడంటే, దాన్ని చదివే కొనుగోలుదారు ఉంటాడని వాడు అనుకుని ఉండడు.

డీలరును అడిగితే జవాబు చాలా మర్యాదగా వచ్చింది. అవును, గతంలో ఎప్పుడో మార్చారట, చాలా చక్కగా మార్చారట.

ఇక్కడ డీలరు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. అమెరికా నుంచి తిరిగొచ్చిన కారు కావడం తప్పేమీ కాదు. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీలు అన్నీ కలిపి 5 లక్షలకు పైమాటే. వాటిలో అధిక భాగం అమెరికాకే వెళ్లాయి. కాలిఫోర్నియా, అరిజోనా వంటి పొడి ప్రాంతాల్లో తిరిగిన వాటి బాడీ, ఇంగ్లండు చలిలో తిరిగిన వాటికంటే గట్టిగా ఉంటుంది. ఆ సంగతి తెలిసిన ఇంగ్లండు మెకానిక్కులే అక్కడి నుంచి తెప్పించుకుని స్టీరింగ్ కుడికి మారుస్తారు. పని తెలిసినవాడు మారిస్తే వంక పెట్టడానికి ఏమీ ఉండదు. మావాడు నిజం తెలిసి ఆ కారే కోరుకున్నా నేను అడ్డు చెప్పేవాణ్ని కాదు. నాకు గుచ్చుకున్నది మౌనం. ధర మాత్రం పుట్టుకతో కుడి స్టీరింగ్ ఉన్న కారు ధర, చరిత్ర మాత్రం అడిగితేనే బయటపడే చరిత్ర. ఒక్క వైపరు విషయంలో నోరు విప్పనివాడు తుప్పు విషయంలో విప్పుతాడా?

కాగితాల సంగతి. బ్రిటన్‌లో మన ఆర్సీ లాంటిదాన్ని వీ5సీ అంటారు. అది యాజమాన్యానికి రుజువు కాదని దాని మీదే అచ్చువేసి ఉంటుంది. ఈ కారు బ్రిటన్‌లో మొదట రిజిస్టరైన సంవత్సరం 1996 అని అందులో ఉంది. 1972లో పుట్టిన కారు 24 ఏళ్లు ఎక్కడ తిరిగిందని అడగడానికి ఆ ఒక్క తేదీ చాలు. ఎమ్ఓటీ అని అక్కడ ఏటా చేసే పరీక్ష ఒకటి ఉంది. దాని ఫలితాలు 2005 నుంచి ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. చూశాను. 2011లో తలుపు కింది భాగంలో తుప్పు అని ఫెయిల్ చేశారు. ఆరు రోజుల తరువాత పాస్ చేశారు. ఆరు రోజుల్లో తుప్పు ఎక్కడికి వెళ్లింది? 2018 మే నుంచి 40 ఏళ్లు దాటిన కార్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. ప్రకటనలో దాన్ని “పరీక్ష మినహాయింపు” అని ఒక సదుపాయంలా రాశారు. అంటే అప్పటి నుంచి దీని కింద లైటు వేసి చూసినవాడు ఎవరూ లేరు. ఎంజీ వంటి పాత కార్లకు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డుల నుంచి సర్టిఫికెట్ ఇస్తుంది. ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఏ దేశానికి పంపారు, అన్నీ ఉంటాయి. డీలరు అది ముందే తెప్పించి ప్రకటన పక్కన పెడితే సగం మాటలు ఆదా అయ్యేవి.

ఇంత తెలిసినవాడివి నువ్వెప్పుడూ మోసపోలేదా అని అడుగుతారేమో. 1994లో నేనూ నీళ్లలో బర్రెను కొన్నాను. హైదరాబాద్‌లో ఒక దళారి దగ్గర స్టాండర్డ్ హెరాల్డ్ ఉందన్నారు. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారుచేసేవారు. ఇటలీ డిజైనరు మికెలొట్టి గీసిన బండి. దాని చాసీనే, అంటే అడుగు చట్రాన్నే, కురచ చేసి, ఆ మీద ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కట్టారు. ఆ సంగతి తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. మన రోడ్ల మీద దొరికే బండ్లలో స్పోర్ట్స్ కారుకు అంత దగ్గరి చుట్టం మరొకటి లేదు. ఫొటో ఒకటే వచ్చింది, పోస్టులో. లేత నీలం రంగు. జీతంలోంచి దాచిన 22 వేలు డీడీ తీసి పంపాను.

లారీ మీద వచ్చింది. నాన్న షెడ్డు ముందు దింపించాడు. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు వంగి తెరుచుకుంటుంది. తెరిచి ఇంజన్ చూశాడు, ఏమీ అనలేదు. గోనెసంచి పరుచుకుని కిందికి దూరాడు. స్క్రూడ్రైవర్ పిడితో చాసీ మీద కొట్టుకుంటూ వెనక్కి జరుగుతున్నాడు. టంగ్, టంగ్, టంగ్ అని వస్తున్న చప్పుడు ఒకచోట తప్ అంది. అక్కడ తారు పూత గీకాడు. కింద పామాయిల్ డబ్బా రేకు, దాని మీది అక్షరాలు కూడా చెరగలేదు. చాసీ తుప్పు తిన్నచోట డబ్బా రేకు చుట్టి, తారు పూసి, పైన బురద చల్లి అమ్మారు. నాన్న బయటికి వచ్చి, స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి, టీ తాగడానికి హోటలుకు వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

హెరాల్డ్‌కు కనీసం విడి చాసీ ఉంది, కోసి మరొకటి అతకవచ్చు. ఎంజీబీకి అదీ లేదు. బాడీయే చాసీ. పైకప్పు కూడా లేదు కనుక ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య భారమంతా తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెల మీదే పడుతుంది. వాటిని సిల్స్ అంటారు. బయట ఒక రేకు, లోపల ఒకటి, మధ్యలో నిలువుగా మరొకటి. నీళ్లు, మట్టి, చలికాలంలో అక్కడి రోడ్ల మీద మంచు కట్టకుండా చల్లే ఉప్పు, అన్నీ ఆ పెట్టెల్లో చేరి లోపలి నుంచి తింటూ వస్తాయి. బయటి రేకుకు చిల్లు పడేసరికి లోపలిది ఎప్పుడో పోయి ఉంటుంది. అప్పుడు చేయవలసిన పని మూడింటినీ కోసి కొత్తవి వేయడం. చాలాచోట్ల చేసే పని పాతదాని మీదే కొత్త రేకు అతికించి, లప్పం పెట్టి, రంగు కొట్టడం. ఫొటోలో రెండూ ఒక్కలాగే ఉంటాయి. అయస్కాంతానికి మాత్రం తేడా తెలుస్తుంది, లప్పాన్ని అది పట్టుకోదు.

దీనికి అయస్కాంతం కంటే తేలికైన పరీక్ష ఉంది. కారును ఒక పక్క జాకీతో లేపి, తలుపు తెరిచి మూయాలి. సిల్స్ గట్టివైతే తలుపు మామూలుగా పడుతుంది. డొల్లవైతే బాడీ మధ్యలో వంగి, తలుపు చుట్టూ ఉండే సందు మారిపోయి, తలుపు పట్టేస్తుంది. డీలరుకు ఇది చేసి వీడియో పంపమని మావాడితో రాయించాను. కుర్రాళ్లు పనిలో ఉన్నారని ఒకసారి, కొత్త రంగు గీసుకుపోతుందని ఒకసారి జవాబు వచ్చింది. కారు అమ్ముకునేవాడికి జాకీ ఎత్తే తీరిక లేదట!

అప్పుడు మనిషిని పెట్టించాను. ఎంజీ కార్ల యజమానులకు అక్కడ 1930 నుంచీ క్లబ్బు ఉంది. ఆ సభ్యుల్లో ఒకరు ఒక రిటైరైన మెకానిక్ పేరు చెప్పారు. 350 పౌండ్లు, రైలు ఛార్జీలు అదనం. మావాడు రెండు రోజులు గింజుకుని పంపాడు. ఆ పెద్దమనిషి వెళ్లి, తన జాకీ తానే పెట్టి, 38 సెకన్ల వీడియో తీశాడు. చక్రం నేల విడిచింది. తలుపు తెరుచుకుంది. మూయబోతే వెనక అంచు బాడీకి తగిలి ఆగింది. ఇంకొంచెం నెడితే కిర్రుమని, అంచున కొత్త ఎర్ర రంగు ఆవగింజంత పెచ్చు లేచి కింద పడింది. వీడియోలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

కథ అక్కడితో అయిపోతుందనుకున్నాను. లేదు. మర్నాడు మావాడు ఫోను చేసి, “రెండు వేలు తగ్గిస్తానంటున్నాడు మామయ్యా” అన్నాడు. నాకు కోపం వచ్చింది. పళ్లు ఊడిన ఎద్దును తక్కువకు ఇస్తే దున్నుతుందా? ఎంజీబీ సిల్స్ మార్చాలంటే ముందు తలుపు సందుకు అడ్డంగా ఇనుప కమ్మీలు వెల్డు చేసి బాడీని కదలకుండా కట్టాలి. కట్టకుండా కోస్తే కారు అరటిపండులా వంగి, ఇక జన్మలో ఏ తలుపూ సరిగా పడదు. ఆ పనికి మెల్‌బోర్న్‌లో అయ్యే కూలి ముందు ఆ రెండు వేలు తాలింపుకైనా రావు. ఇది గట్టిగానే చెప్పాను. వాడు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. మా చెల్లెలు ఫోను చేసి, “వాడి సరదా వాడిది, నీకెందుకు అన్నయ్యా” అంది. నిజమే, నాకెందుకు? స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టిన మనిషి ఇప్పుడు లేడు, అందుకు.

మీ దేశంలోనే వెతకరాదా అని కూడా అన్నాను. 1963 నుంచి 1972 దాకా విడిభాగాలు ఇంగ్లండు నుంచి తెప్పించి సిడ్నీలో దాదాపు 9 వేల ఎంజీబీలు బిగించారు. అన్నీ కుడి స్టీరింగే. ఉప్పు చల్లే రోడ్లు అక్కడ లేవు. రైలెక్కి వెళ్లి చూసి రావచ్చు. వాడు ఒప్పుకోలేదు, ఇంగ్లండు నుంచి వస్తేనే ఇంగ్లండు కారు అన్నాడు. దూరపు కొండలు నునుపు అనే మాటను నేను గొంతులోనే ఆపుకున్నాను. సరదాకు లాజిక్ చెప్పకూడదని మా ఆవిడ సలహా.

చివరికి ఒప్పందం కుదిరింది. ఎక్కడైనా కొనుక్కో, మనిషిని మాత్రం ముందు పంపు. మూడు నెలలు వెతికాడు. ఇంగ్లండు ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో డీలరు దొరికాడు. 1970 కారు, అక్కడే అమ్మినది, వైపర్లు రెండే. 15,500 పౌండ్లు, మొదటిదాని కంటే ఎక్కువ. అతను పంపిన మొదటి ఫొటో చూసి నేను లేచి కూర్చున్నాను. ఆ కాలపు ఎంజీబీకి సీట్ల వెనక ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. వాటి కింద రేకు పెట్టెలు, ఆమ్లం పడి ముందు తుప్పు పట్టేవి అవే. ఆ పెట్టె అడుగున చిల్లు, చిల్లులోంచి అవతలికి వచ్చిన డీలరు చూపుడు వేలు. ఫొటో కింద ఒకే వాక్యం, దీన్ని మార్చి ఇస్తాను, ధరలోనే ఉంది అని. వెంట రెండు పేజీల కాగితం, కారులో తనకు తెలిసిన లోపాలు వరసగా. అయినా ఆ పెద్దమనిషిని మళ్లీ పంపించాం. మళ్లీ 350. ఈసారి మావాడు గింజుకోలేదు. జాకీ ఎత్తారు, తలుపు అల్మారా తలుపులా పడింది.

డబ్బు పంపేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాడు, అది వాడి తెలివే. ఈమెయిల్‌లో వచ్చిన ఖాతా నంబరును నమ్మకుండా, ముందు నుంచీ తన దగ్గర ఉన్న ఫోను నంబరుకు చేసి, డీలరు నోటితో ఒక్కో అంకె చెప్పించుకున్నాడు. మధ్యలో ఎవరో ఈమెయిల్‌లో చొరబడి ఖాతా నంబరు మార్చిన ఇన్వాయిస్ పంపడం ఈ వ్యాపారంలో తరచూ జరిగే మోసం. కార్లే లేని డీలర్లు వేరే డీలర్ల ఫొటోలతో వెబ్‌సైట్లు పెట్టడం ఇంకోటి.

ఆస్ట్రేలియా తంటాలు వేరే ఉన్నాయి. కారు ఓడ ఎక్కకముందే దిగుమతి అనుమతి చేతిలో ఉండాలి. 25 ఏళ్లు దాటిన వాటికి దారి తేలికే, అయినా అడగకుండా పంపితే రేవులో చిక్కుకుంటుంది. ఇక ఆస్‌బెస్టాస్. ఆ దేశంలో 2003 చివరి నుంచి దాని మీద పూర్తి నిషేధం. 1970 నాటి కారులో అది ఎక్కడెక్కడ ఉంటుందో మెకానిక్‌ను అడగండి. బ్రేక్ లైనర్లు, క్లచ్ ప్లేటు, ఇంజన్ ప్యాకింగులు. నాన్న కాలంలో మేము బ్రేక్ డ్రమ్ములను నోటితో ఊది శుభ్రం చేసేవాళ్లం, ఆ ధూళి అదే. ఓడ ఎక్కకముందే ఇవన్నీ తీయించి, కొత్తవి వేయించి, పరీక్ష కాగితాలు జతచేయించారు. తీసిన పాత లైనర్లను కూడా కారుతో పాటు పంపుతానని డీలరు అన్నాడట, జ్ఞాపకంగా. వద్దు బాబూ అని వాడు దండం పెట్టాడు.

ఇదంతా విన్నవాళ్లు మన దగ్గరికే తెప్పించుకోరాదా అని నన్ను అడుగుతున్నారు. మన దేశంలో మామూలు సెకండ్‌హ్యాండ్ కారు దిగుమతికి వయసు 3 ఏళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. వింటేజ్ బండ్ల దారి వేరు, సుంకాలు వేరు. 50 ఏళ్లు దాటిన వాటికి 2021లో కేంద్రం ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి, ఫీజు 20 వేలు, రోజువారీ తిరుగుడుకు పనికిరాదు. నా పింఛనుకు ఆ లెక్కలు అందవు. నా హెరాల్డ్ ఇంకా షెడ్డులోనే ఉంది. చాసీకి ఇప్పుడు అసలైన ఇనుమే ఉంది, నాన్న నాతోనే కోయించి నాతోనే వెల్డు చేయించాడు.

మొన్న ఆదివారం ఉదయం మెల్‌బోర్న్ నుంచి వీడియో కాల్ వచ్చింది. బండి దిగి తొమ్మిది రోజులైంది. పైకప్పు గుడ్డ మీద వాన చప్పుడు, దాని కింద ఇంజన్ చప్పుడు. నేను ఫోను చెవికి ఆనించుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండో సిలిండర్ టాపెట్ కాస్త వదులుగా ఉంది.

“మామయ్యా, ఒక వైపరే తిరుగుతోంది. ఎడమది కదలడం లేదు.”

“ఆ రెండు పేజీల కాగితం కారులోనే ఉందా?”

గ్లవ్ బాక్సు తెరిచిన చప్పుడు. కాగితం మడత విప్పిన చప్పుడు. వాడు పెదవులతో గొణుక్కుంటూ చదువుతున్నాడు.

“ఉంది మామయ్యా. 11వ లైను. ఎడమ వైపరు పళ్లచక్రం అరిగింది, వానలో జారవచ్చు అని రాశాడు.”